హిజాబ్‌తో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది టోలిచౌకి. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ, కాలేజీ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడుతుంది. హిజాబ్, ఫుల్ చేతుల టీషర్టు, ట్రాక్ ప్యాంటుతోనే ఆడుతుంది. అది తన ఇష్టం. కానీ నలుగురూ చూసే గ్రౌండ్‌లో ఆ పరుగులేమిటని మా వాళ్లు అంటున్నారు. పెద్ద మ్యాచ్‌లలో ఈ డ్రెస్ ఒప్పుకోరని కూడా విన్నాం. ఆట మాన్పించి ఫిజియోథెరపీలో చేర్చాలా, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివించాలా? రెండిట్లో ఏది మంచిది?

జవాబు: అమ్మా, ముందు హిజాబ్ టెన్షన్ వదిలేయండి. ఒకప్పుడు మీరు విన్నది నిజమే. 2011లో ఇరాన్ అమ్మాయిలు ఒలింపిక్ క్వాలిఫయింగ్ మ్యాచ్ కోసం జోర్డాన్ దాకా వెళ్లి, తల కప్పుకున్నారన్న కారణంతో ఆడకుండానే వెనక్కి వచ్చారు. 2014లో ఆ రూలు మారింది. 2023 ప్రపంచ కప్‌లో మొరాకో డిఫెండర్ నుహైలా బెంజినా హిజాబ్‌తోనే ఆడింది. ఫ్రాన్స్‌లో అక్కడి ఫెడరేషన్ ఒప్పుకోకపోవడం వేరే సంగతి. మీ పాప ఆడేది హైదరాబాద్‌లో.

రూలు అడిగేది కొద్దిగానే. హిజాబ్ నలుపు రంగులో గానీ జెర్సీ రంగులో గానీ ఉండాలి, జెర్సీకి కలిపి కుట్టకూడదు, అంచులు వేలాడకూడదు, ప్రమాదం కలిగించేదేదీ ఉండకూడదు. ఈ చివరిది ఎంత ముఖ్యమో నేను కళ్లారా చూశాను. గత వేసవిలో నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి గడ్డం కింద గాటు ఉంది. బంతిని తలతో కొడుతుంటే పిన్ను గుచ్చుకుందట. తర్వాత పాత జెర్సీ ఒకటి దర్జీకిచ్చి, పిన్ను అవసరం లేకుండా తల మీంచి తొడుక్కునేలా కుట్టించుకుంది. కాటన్ స్కార్ఫ్ అయితే మన ఏప్రిల్ ఎండకు తడిసి మెడకు అతుక్కుపోతుంది. జెర్సీ గుడ్డ చూస్తుండగానే ఆరిపోతుంది.

ఇప్పుడు కోపం తెచ్చుకోకుండా వినండి. బంధువుల మాటలు రాశారు గానీ పాప ఏ పొజిషన్‌లో ఆడుతుందో, ఎలా ఆడుతుందో ఒక్క ముక్క రాయలేదు. ఒక్క మ్యాచ్ అయినా చూశారా? తన పద్ధతి తాను పాటిస్తూనే ఆడుతోంది కదా, ఇంకేం కావాలి మీ వాళ్లకి? నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు ఆమె షార్ట్స్ మీద కూడా ఇలాగే మాటలు వచ్చాయి. వాళ్ల నాన్న కూతురి పక్కన నిలబడ్డారు. ఆమె 2022లో ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆమె డ్రెస్ వేరు, మీ పాప డ్రెస్ వేరు. ఇంట్లో అండ మాత్రం ఇద్దరికీ కావాల్సిందే.

స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. బ్రోచర్ నిండా ఐపీఎల్ ఫొటోలు ఉంటాయి. చేసే పనిలో ఎక్కువ భాగం స్పాన్సర్ల వెంట తిరగడం, టికెట్లు అమ్మడం, ఈవెంట్లు నడపడం. ఆ ఉద్యోగాలు కూడా ఎక్కువగా ముంబై, బెంగళూరు, ఢిల్లీల్లోనే. ఇంటర్ అవగానే అందులో చేరి, మూడేళ్లు లక్షలు కట్టి, చివరికి ఈవెంట్ గేటు దగ్గర పాస్‌లు చెక్ చేసే పనిలో మిగిలిన పిల్లలు నా దగ్గరికి మళ్లీ వచ్చారు. అంతగా ఇష్టమైతే మామూలు డిగ్రీ తర్వాత పీజీలో చూసుకోవచ్చు. కాలేజీవాళ్లు ప్లేస్‌మెంట్ అంటే, పోయిన బ్యాచ్‌లో ఎవరికి, ఎక్కడ, ఎంత జీతానికి వచ్చిందో కాగితం మీద అడగండి.

ఫిజియోథెరపీ మంచి చదువే. లేడీ ఫిజియో అయితేనే వెళ్తామనే ఆడవాళ్లు మీ బస్తీలోనే ఎంతోమంది ఉంటారు. కానీ పాపకు బయాలజీ నచ్చితేనే చేర్చండి. ఆట మాన్పించడానికైతే వద్దు, రెండూ కలిసి నడుస్తాయి. పద్దెనిమిది నిండాక ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయొచ్చు, డిగ్రీ తర్వాత ఆటల టీచర్లు చదివే బీపీఈడీ ఉంది. హిజాబ్ వేసుకుని ఆట నేర్పే మేడం ఉందంటే, ఇవాళ మీలాగే తటపటాయిస్తున్న తల్లులు తమ పిల్లల్ని ధైర్యంగా పంపుతారు.

ఈసారి మ్యాచ్ ఉన్న రోజు మీరూ వెళ్లండి, చివరిదాకా కూర్చోండి. ఆ సాయంత్రం ఏం చదువుతావని పాపనే అడగండి. తను చెప్పింది నాకు రాయండి, కాలేజీల సంగతి అప్పుడు చూద్దాం.