కట్టమైసమ్మ గద్దె మీదుగా హైవే: మేమేం చేయాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. చెరువు కట్ట కింద మా పట్టా పొలం మూలకు కట్టమైసమ్మ గద్దె, వేపచెట్టు ఉన్నాయి. ఆ రెండు గుంటలు మా తాత ఊరికి వదిలాడు, కాగితం లేదు. ఊరంతా అక్కడే బోనాలు చేస్తుంది. ఇప్పుడు జాతీయ రహదారికి మా సర్వే నంబరు పేపర్లో వచ్చింది. గుడిని ముట్టుకోరాదని, నియమగిరి తీర్పు ఉందని పిల్లలు అంటున్నారు. నిజమేనా? డబ్బులొస్తే ఎవరికి?

జవాబు: ముందు తేదీ చూడండి. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం 3ఎ నోటిఫికేషన్ (ఫలానా భూమి తీసుకోబోతున్నామని కేంద్రం గెజిట్‌లో వేసే ప్రకటన) వచ్చాక 21 రోజుల్లోపే అభ్యంతరం రాసివ్వాలి. పేపర్ తేదీని నమ్ముకోకండి, గెజిట్ తేదీ నుంచి లెక్కేసుకోండి. పట్టాదారు మీరే కాబట్టి అభ్యంతరం మీ పేరు మీద పెట్టి, ఊరివాళ్ల సంతకాలు, గ్రామసభ తీర్మానం జత చేయండి. ఇన్‌వర్డ్ స్టాంపు వేసిన కాపీ తెచ్చుకోండి. విచారణకు మీరే వెళ్లవచ్చు, వకీలునూ పెట్టుకోవచ్చు.

గుడిని ముట్టుకోరాదన్న మాట మాత్రం చట్టంలో లేదు. ఏ మతం ప్రార్థనా స్థలాన్నైనా ప్రభుత్వం సేకరించవచ్చని 1994లో ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మతానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్న చోటైతే వేరే సంగతి, కానీ ఊరి గద్దెకు ఆ వాదన నిలబెట్టడం కష్టం. నియమగిరి తీర్పు (2013) కొండ మీద గని తవ్వకం విషయంలో, అటవీ హక్కుల చట్టం కింద ఒడిశా గిరిజన గ్రామసభలకు సంబంధించింది. తాడ్వాయి, ఏటూరునాగారం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో (గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించినవి) గ్రామసభ మాటకు చట్టబలం ఉంది. మీ మండలం అందులోకి రాదు. పిల్లలకు ఈ మాట చెప్పడం నాకూ బాధే, కానీ తప్పుడు ధైర్యంతో కూర్చుంటే ఆ 21 రోజులు పోతాయి.

మీ అసలు బలం కట్టలో ఉంది. తూము దగ్గర మైసమ్మను పెట్టిన పెద్దలు ఆ మట్టిని ఎవరూ తవ్వకుండా చూశారని నేను నమ్ముతాను. అందుకే ‘మా నమ్మకం’ అని ఒక్క మాటతో ఆపకండి. రోడ్డు కట్టను ఎక్కడ తాకుతుంది, తూముకు ఎన్ని గజాల దూరం, దాని కింద ఆయకట్టు ఎంత, గద్దెను తప్పించాలంటే అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే దారి) ఎటు జరపాలి, ఇవన్నీ నక్షా మీద గీసి ఇవ్వండి. నీటిపారుదల ఇంజనీరుకూ ఒక కాపీ ఇవ్వండి. నమ్మకానికి కొలతలు తోడైతే అధికారి తీసి పక్కన పెట్టడం అంత సులువు కాదు.

సర్వేకు వచ్చిన రోజు మీరు పొలంలోనే ఉండండి. గద్దె, ప్రహరీ, వేపచెట్టు పంచనామాలో ఎక్కాయో లేదో చదివాకే సంతకం పెట్టండి. ఎక్కనిదానికి పరిహారం రాదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర కూడా వేయొద్దు.

డబ్బుల విషయం: రికార్డు మీ పేరున ఉంది కాబట్టి భూమి పరిహారం మీ పేరునే లెక్కగడతారు. గద్దె కట్టడానికి వచ్చేది ఊరిదని ఇప్పుడే గ్రామసభలో రాయించండి. లేదంటే రేపు మీ ఇంటికీ ఊరికీ మధ్య మాటలు పెరుగుతాయి. రేటు తక్కువైతే అదే చట్టంలోని 3జి కింద ఆర్బిట్రేటర్ (పరిహారం తగాదా తేల్చే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లవచ్చు.

3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానిదైపోతుంది. తర్వాత హైకోర్టులో రిట్ వేసినా గట్టి లోపం చూపిస్తేనే నిలుస్తుంది.

గద్దెను కదపక తప్పదని తేలితే, కొత్త చోటు చూపించి, బైండ్ల పూజారి తంతు పూర్తిచేసేదాకా అక్కడ జేసీబీ పెట్టవద్దని దరఖాస్తు ఇచ్చి, ఆ హామీని రాతపూర్వకంగానే తీసుకోండి.