కూలి పెరిగింది సరే, పథకం వల్లనేనా?

అనంతపురంలో 2006కు ముందూ తర్వాతా కూలి రేట్లను పోల్చి, పెరుగుదలంతా ఉపాధి హామీ పథకం వల్లనేనని చెప్పవచ్చా అని మీరు అడిగారు. చెప్పలేము, వానలు, ధరలు, వలసలు కూడా అదే కాలంలో కూలిని కదిలిస్తాయి. పథకం 2006 ఫిబ్రవరిలో 200 జిల్లాల్లో మొదలై, 2008 ఏప్రిల్‌కు గానీ మిగిలిన గ్రామీణ జిల్లాలన్నిటికీ చేరలేదు కనుక, ముందు చేరిన జిల్లాల్లో కూలి ఎంత మారిందో, అప్పటికింకా చేరని జిల్లాల్లో ఎంత మారిందో పోల్చండి. అయితే తొలి విడతకు వెనుకబడిన జిల్లాలనే ఎంచారు (అసలు చిక్కు ఇక్కడే), కాబట్టి 2006కు ముందు రెండు వర్గాల్లోనూ కూలి ఒకే తీరున సాగిందో లేదో జాతీయ నమూనా సర్వే గణాంకాలతో మొదట సరిచూడాలి. పథకం కల్పించిన పనిదినాలను మాత్రం ఫలితంగా లెక్కించకండి. పథకం బయట, రైతుల పొలాల్లో దొరికే పని, కూలి ఏమయ్యాయన్నదే మీ ప్రశ్నకు జవాబు.