దీవులకు పోయిన పెద్దాయన ఏ కాగితంలో దొరుకుతాడు?

(పాత కాగితాలు: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ కోర్టు శిరస్తాదారు జవాబులు)

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా జేజి 1908 ప్రాంతంలో పుట్టింది. ధాత కరువులో దారి కొట్టి జొన్నల బండ్లు దోచిన కేసులో వాళ్ళ తాతను దీవులకు పంపారని, ఆయన మళ్ళీ రాలేదని చెప్పేది. మా తమ్ముడు అండమాన్ టూర్‌కు వెళ్ళినప్పుడు సెల్యులార్ జైల్లో ఉన్న పేర్లన్నీ చదివాడు. ఆయన పేరు లేదు. ఒంగోలు కోర్టులో నకలుకు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళేమో దొంగ చరిత్ర తవ్వి ఏం బావుకుంటావని ఒకటే గొడవ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: ఒంగోలుకు పోవద్దమ్మా. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు కనిగిరి నెల్లూరు జిల్లా తాలూకా. ఆ కరువునాటికి ఒంగోలు కూడా నెల్లూరులోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా పెట్టినప్పుడు అటు పోయింది. కాబట్టి కేసు పెద్దదైతే నెల్లూరు సెషన్స్ కోర్టుకే వచ్చి ఉండాలి. అదే మార్కాపురం వాళ్ళు అడిగి ఉంటే కర్నూలు వైపు చూడమనేవాణ్ణి.

ముందు సంవత్సరం తేల్చుకోండి. ధాత అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1876లో ఒకటి, 1936లో ఒకటి. 1908లో పుట్టిన మనిషికి తాత అంటే మొదటిదే. అయితే ఆ ఏడు చివర్లో వానలు ఎగ్గొట్టాయి. ఆకలి ముదిరింది తర్వాతి ఈశ్వర సంవత్సరంలో. జనం మాత్రం మొత్తాన్నీ ధాత కరువనే అన్నారు. మీరు 1876 అక్టోబరు నుంచి 1878 ఆఖరు దాకా చూడాలి.

ఇక శిక్ష సంగతి. 1862 నుంచి అమలైన శిక్షాస్మృతిలో ఐదుగురు, అంతకు పైన కలిసి దోచుకుంటే బందిపోటు నేరం, సెక్షన్ 395. దానికి యావజ్జీవ ద్వీపాంతరం వేయొచ్చు, లేదా పదేళ్ళ వరకు కఠిన శిక్ష. ఒంటరిగా మూటెడు గింజలు ఎత్తుకుపోతే 379, గరిష్ఠం మూడేళ్ళు. కరువులో చాలామంది దొరికిపోయింది ఇలాంటి చిల్లర దొంగతనాల్లోనే. జైళ్ళు కిక్కిరిసి, రోగాలొచ్చి, లోపలే చచ్చిపోయినవాళ్ళు తక్కువేం కాదు. పోయినవాడు తిరిగి రాకపోతే ఇంటివాళ్ళకు అది దీవులే. మీ పెద్దాయన సముద్రం దాటకుండానే పోయి ఉండొచ్చు. ఆ మాట ఇప్పుడే మనసులో పెట్టుకుని వెతకండి.

కింది కోర్టుల మామూలు క్రిమినల్ కట్టలను గడువు తీరాక నాశనం చేయడం రివాజు. నేను రికార్డు రూములో ఉన్న రోజుల్లో ఎర్రగుడ్డ మూటలు విప్పి, ఉంచాల్సినవి ఒక పక్క, తీసేయాల్సినవి ఒక పక్క పెట్టేవాళ్ళం. అందుకే కింద మిగలని కేసు జాడ పైన పట్టాలి. సెషన్స్ తీర్పు మీద అప్పీలుకు పోతే మద్రాసు హైకోర్టు. క్షమాభిక్ష అర్జీ పెట్టుకుంటే మద్రాసు ప్రభుత్వ జ్యుడీషియల్ శాఖ. ఆ శాఖ సంపుటాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముందు సూచికలు అడగండి. నెల్లూరు దగ్గర చెముడుగుంట సెంట్రల్ జైలుకు ఉత్తరాలు రాసి టైం పాడుచేసుకోకండి, అది ఈ కాలపు జైలు.

సూచికలో ఇంటిపేరుతో వెతికితే దొరకడం కష్టం. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ మీ దగ్గర ఉండాలి. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాశాడు, కాబట్టి వెంకటప్ప అయితే యెంకటప్ప కింద కూడా చూడండి. పేర్ల విషయంలో ఓపిక లేనివాళ్ళు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

అండమాన్ సంగతికొస్తే, సెల్యులార్ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. పైగా అక్కడ పేర్లు చెక్కింది స్వాతంత్ర్యయోధులవి. మీ తమ్ముడికి కనపడకపోవడంలో వింతేముంది? 1877లో పంపినవాళ్ళను రాస్, వైపర్ లాంటి దీవుల్లో బారకాసుల్లో ఉంచేవారు. మెడలో చెక్క బిళ్ళ, దాని మీద ఖైదీ నంబరు, సెక్షను, శిక్ష పడిన తేదీ. కొన్నేళ్ళు బుద్ధిగా ఉంటే సొంతంగా బతకడానికి టికెట్ ఇచ్చేవారు. భూమి చేసుకోవచ్చు, అక్కడికి వచ్చిన ఆడ ఖైదీని పెళ్ళి చేసుకోవచ్చు. అంటే ఆయనకు అక్కడ ఇంకో సంసారం ఉండి ఉండొచ్చు! ఇది మాత్రం మీ పెద్దవాళ్ళకు ఇప్పుడే చెప్పకండి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ బ్రాంచి ఫైళ్ళున్నాయి. వాళ్ళ ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైట్లో ఇంట్లో కూర్చుని వెతకొచ్చు.

తీర్పు గనక దొరికితే అందులో బండ్లు ఎవరివో, ఎన్ని బస్తాలో, ఎంతమంది పట్టుబడ్డారో ఉంటుంది. దొంగ అనాలో ఇంకేమనాలో మీ పెద్దవాళ్ళను ఆ కాగితం చదివాకే అనమనండి.

ప్రశ్న: మా తాతను కావలి సెటిల్‌మెంట్‌లో పెట్టారట, వేలిముద్రలు తీసుకున్నారట. ఆయన చేసిన నేరమేమిటో ఏ కోర్టులో తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఏ కోర్టులోనూ తెలియకపోవచ్చు బాబూ, ఎందుకంటే నేరమే ఉండి ఉండకపోవచ్చు. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ప్రభుత్వం ఒక కులాన్ని ప్రకటిస్తే చాలు, ఆ కులంలో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కేవి, వేలిముద్రలు పడేవి, హాజరు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే దారి కూడా లేదు. అలా ప్రకటించిన కులాలవాళ్ళను నిఘాలో ఉంచిన కావలి సెటిల్‌మెంట్‌ను నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. కాబట్టి మిషన్ వార్షిక నివేదికలు, మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు చూడండి. మద్రాసులో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో. మీ తాత మీద విడిగా కేసు ఉందని ఇంట్లో ఎవరైనా సంవత్సరంతో సహా చెప్పగలిగితే మళ్ళీ రాయండి, అప్పుడు కోర్టు సంగతి చూద్దాం.