దోమ విత్తనం మన డ్రమ్ము గోడకే అంటుకుని ఉంటుంది

ఎండాకాలంలో కనబడని దోమలు తొలివాన పడిన వారానికే ఎక్కడి నుంచి ఊడిపడతాయి, అవి తినే తిండికీ వాటి సంతానానికీ సంబంధం ఉందా అని అడిగారు. మియాపూర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నామనీ, దగ్గర్లో మురుగుకాలువ కూడా లేదనీ రాశారు.

ఎక్కడి నుంచీ రావండీ. మీ ఇంట్లోనే ఉన్నాయి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా నీలం డ్రమ్ము వల్ల మా అమ్మాయి ఆసుపత్రి పాలైంది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా మాకు కటకటే. కుళాయి రోజు విడిచి రోజు అరగంట వస్తే గొప్ప. ఆ రెండు నెలలూ ప్రతి వసారాలోనూ డ్రమ్ములు, గాబులు, బిందెలు బారులు తీరి ఉంటాయి. నాలుగేళ్ల కిందట మే నెలలో, ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్న మా అమ్మాయికి జ్వరం వచ్చింది. కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు. ఎండలో ఆడింది, వడదెబ్బ అన్నారు అందరూ. "వాన చినుకే లేదు, ఇప్పుడు దోమలెక్కడివి అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు. నేనూ అలాగే అనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు పట్టిస్తూ మూడు రోజులు పోగొట్టాను. నాలుగో రోజు చేతుల మీద ఎర్రగా దద్దు లేస్తే టౌనుకి పరిగెత్తాం. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు 42 వేలకి పడిపోయాయి. ఐదు రోజులు సెలైన్ బాటిల్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ బొప్పాయి ఆకు రసం పట్టించమన్నవాళ్లే. జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామన్న మనిషి ఒక్కరు లేరు.

చూసింది మలేరియా డిపార్ట్‌మెంట్ ఆయన. డిశ్చార్జి అయిన మర్నాడు టార్చి లైటు పట్టుకుని ఇంటికి వచ్చాడు. పెరట్లో మురుగుగుంట చూపించబోతే, "అది కాదమ్మా, మంచినీళ్లు ఎక్కడ పెట్టుకుంటారో చూపించండి" అన్నాడు. డ్రమ్ము మూత తీస్తే నీళ్లలో పురుగులు లుకలుకలాడుతూ కిందకి పోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ డ్రమ్ము కార్తీక మాసంలో ఖాళీ చేసి పశువుల సావిట్లో బోర్లించాం. ఏప్రిల్‌లో తీసి, రెండుసార్లు తొలిపి మరీ నింపాను. ఆ మాటే ఆయనతో అన్నాను.

"తొలిపారు గానీ తోమలేదు కదమ్మా."

నీళ్లు పారబోయించి, డ్రమ్ము లోపలి గోడ మీద టార్చి వాలుగా వేశాడు. పాత నీటిమట్టం గీత ఉంటుంది చూడండి, ఆ గీత వెంబడి గసగసాల కన్నా సన్నగా నల్లటి చుక్కలు, మసి రాలి అంటుకున్నట్టు ఉన్నాయి. ఇన్నేళ్లూ దాన్ని నేను మట్టి అనుకున్నాను. చాకు మొనతో కాసిని గీకి గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేశాడు. సాయంత్రం టీ పెట్టుకుంటూ చూస్తే గ్లాసులో వెంట్రుక ముక్కల్లాంటివి కదులుతున్నాయి. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, గ్లాసు పక్కన పెట్టేసి, పీచు తీసుకుని గాబు దగ్గరికి వెళ్లిపోయారు.

డెంగీ దోమ, అంటే కాళ్ల మీద తెల్ల చారలుండే ఏడిస్, గుడ్లు నీళ్లలో పెట్టదు. నీళ్లకి కాస్త పైన, తడి గోడకి అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. నీళ్లు తగలగానే లేస్తాయి. అన్నీ ఒకేసారి లేవవు కూడా. మొదటి తడికి కొన్ని, రెండో తడికి కొన్ని. వ్యవసాయం చేసే వాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. విత్తనమంతా ఒక్క వానకే చల్లేసుకునే రైతు ఎవరుంటారు? అందుకే చెబుతున్నాను, మీకు తొలివానకి కనబడే దోమలు ఆ వాన తెచ్చినవి కావు. వెనకటి కార్తీకంలో మీ కూలర్ ట్రేకో, పూలకుండీ కింద పళ్లేనికో అంటించి పోయిన విత్తనం.

ఇక తిండి సంగతి. అమ్మాయి కోలుకున్నాక స్కూల్లో సైన్సు ప్రాజెక్టు ఉందంటే, మేం రెండు హార్లిక్స్ సీసాలు తీసుకున్నాం. రెండింటిలోనూ వాననీళ్లు, ఒక్కోదానిలో ఇరవై పురుగులు, మూతికి దోమతెర గుడ్డ. ఒక సీసాలో రోజు విడిచి రోజు చిటికెడు తవుడు వేసింది. రెండోదాంట్లో ఏమీ వెయ్యలేదు. తవుడు తిన్నవి ఎనిమిదో రోజుకి దోమలయ్యాయి. తిండి లేనివాటిలో సగం చచ్చాయి, మిగతావి పదిహేడో రోజు దాకా సాగి, సగం సైజు దోమలయ్యాయి. రెండు సీసాలతో ఏం తేలుతుంది అని మా మరిది అన్నాడు. నాకైతే తేలిపోయింది. చిన్నప్పుడు బాగా తిన్న ఆడదోమ పెద్దదవుతుంది, పెద్దది ఎక్కువ రక్తం తాగుతుంది, ఎక్కువ గుడ్లు పెడుతుంది. కుండీ పళ్లెంలో కుళ్లిన ఆకు, గాబు అడుగున నాచు, ఇవన్నీ మనం వాటికి పెట్టే అన్నమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది కూడా ఇలా పురుగుల నుంచి పెంచుకున్న దోమలకి రోగి రక్తం పట్టించే. దోమ గురించి ఏం తెలుసుకోవాలన్నా నీళ్లలో మొదలుపెట్టాలి.

రెక్కలు వచ్చాక మగదీ ఆడదీ పూలతేనె, చెట్ల తీపి తాగే బతుకుతాయి. కుట్టేది ఆడదే, అదీ గుడ్ల కోసమే. ఒక్కసారి కడుపునిండా రక్తం దొరికితే మూడు నాలుగు రోజుల్లో వంద దాకా గుడ్లు, పెట్టేశాక మళ్లీ రక్తం. డెంగీ దోమకైతే మనుషుల రక్తమంటే మరీ ఇష్టం, ఇంట్లో మనం దొరికితే తీపి కోసం పెద్దగా తిరగదు. అందుకే మంచం కిందా, బీరువా వెనకా, వేలాడదీసిన చొక్కాల మాటునా కాపురం పెడుతుంది. బయట 42 డిగ్రీలు మండుతున్నా మా వసారా చల్లగా ఉంది, నీళ్లున్నాయి, మనుషులున్నారు. ఇక దానికి ఎండాకాలం ఎక్కడుంది?

కాలం గురించి చాలామంది ఇంకోటి కూడా తప్పుగా అనుకుంటారు. వాన అన్ని దోమలకీ పండగ కాదు. మురుగులో పుట్టే క్యూలెక్స్ నీళ్ల మీద తెప్పలా గుడ్లు పెడుతుంది. పెద్ద వాన కురిసి కాలువ కొట్టుకుపోతే ఆ తెప్పలూ పోతాయి. దానికి కలిసొచ్చేది శివరాత్రి వేళ. చలి శివశివా అంటూ పోతుంది, కాలువల్లో నీళ్లు కదలవు, మురుగు చిక్కబడుతుంది, అంటే పిల్లలకి తిండి నిండుగా ఉంటుంది. మా గోదావరి జిల్లాల్లో తరతరాలుగా బోదకాలు తెచ్చింది ఈ దోమే. మా అమ్మమ్మ చివరిదాకా ఆ కాలు ఈడ్చుకునే నడిచింది. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి ఒక గుడ్డముక్క కట్టమని వీధిలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, కట్టింది ఇద్దరే.

పొగ మిషను గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. సాయంత్రం చీకటిపడే వేళకి వీధిలో తెల్లటి పొగ వదులుతారు. అందరం కిటికీలు మూసేస్తాం. డెంగీ దోమ కుట్టేది పగలు, ఉండేది ఇంటి లోపల. పొగకి చచ్చేవి అప్పుడు వీధిలో ఎగిరేవి మాత్రమే, డ్రమ్ము గోడకున్న గుడ్డుకి ఆ పొగ తగిలేదేముంది? ఆ డీజిలు డబ్బుతో వీధికి ఇద్దరు మనుషుల్ని పెట్టి ఇంటింటా గాబులు తోమిస్తే జ్వరాలు సగానికి తగ్గుతాయని నా గట్టి నమ్మకం. ఫ్రైడే డ్రై డే అంటారు, అంటే శుక్రవారం శుక్రవారం నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టడం, మంచిదే. కానీ మావాళ్లు చేసేది నీళ్లు సగం వంపి మళ్లీ నింపడం. దాంతో గోడకున్న గుడ్లన్నీ మళ్లీ తడుస్తాయి.

మనం తినేదాని వల్ల దోమలు తగ్గుతాయా అని కూడా అడిగారు. మా ఇంట్లో పప్పులో, పచ్చడిలో వెల్లుల్లి లేని రోజు లేదు. దోమకి ఏ తేడా కనబడలేదు.

మీరు పంపిన ఫోటోలో బాల్కనీలో కూలర్ కనిపించింది. ఈసారి తీసి అటక మీద పెట్టే ముందు నీళ్లు వంపి ఊరుకోకండి. ఎండలో ఆరబెట్టినా గుడ్డు చావదు. ట్రే లోపలి గోడలు, ముఖ్యంగా నీటిగీత దగ్గర, కొబ్బరిపీచుతో సబ్బు వేసి గట్టిగా రుద్దండి, ఆపైన సలసల కాగే నీళ్లు పోయండి. గడ్డి పాతదైతే పారేసి వచ్చే ఏడు కొత్తది వేసుకోండి. మనీప్లాంటు సీసా ఉంటే దానిలో నీళ్లు మాత్రం వారం దాటనివ్వకండి, పురుగు దోమ కావడానికి ఎనిమిది రోజులు చాలు.