కారు తాళం తీసుకున్నాక బోర్డు మాట చెల్లుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండు రోజుల క్రితం హైదరాబాద్‌లో బంధువుల పెళ్లికి కారులో వెళ్లాం. ఫంక్షన్ హాలు గేటు దగ్గర యూనిఫాంలో ఉన్న కుర్రాడు తాళం తీసుకుని, నంబరు వేసిన టోకెన్ చేతికిచ్చి, కారు తనే తీసుకెళ్లి పెట్టాడు. భోజనాలయ్యాక వచ్చి చూస్తే వెనకవైపు పెద్ద అద్దం పొడిపొడిగా రాలిపోయి ఉంది. లోపలి సామాను ఏదీ పోలేదు. మేనేజరును అడిగితే 'వాహనాల బాధ్యత యజమానులదే' అన్న బోర్డు చూపించాడు. గట్టిగా నిలదీస్తే పార్కింగ్ కాంట్రాక్టరును అడగండి అన్నాడు. ఆ రాత్రే ప్లాస్టిక్ కవరు అంటించుకుని ఇంటికొచ్చాం. కొత్త అద్దానికి షోరూములో 14,500 రూపాయలు చెప్పారు. పూర్తి బీమా ఉంది, 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీద నడుస్తోంది. క్లెయిమ్ చేస్తే ఆ బోనస్ పోతుందని ఏజెంటు ఆపుతున్నాడు. అయిదో రోజున చెప్పారు కాబట్టి ఆలస్యమైందని, అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంది కాబట్టి కష్టమని కంపెనీ మనిషి అంటున్నాడు. మాకు దారేమిటి?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ టోకెన్ ఎక్కడుందో వెతికి భద్రంగా పెట్టండి. తిరిగి ఇచ్చేసి ఉంటే, ఆ రోజు తీసిన ఫొటోల్లో ఎక్కడైనా అది పడిందేమో చూడండి. మీ కేసుకు ప్రాణం ఆ చిన్న అట్టముక్కే.

ఎందుకంటే తాళం మీ చేతిలో నుంచి ఆ కుర్రాడి చేతికి వెళ్లిన క్షణంలోనే మీ ఇద్దరి మధ్య చట్టబద్ధమైన సంబంధం ఒకటి పుట్టింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ దాన్ని బెయిల్‌మెంట్ అంటుంది. ఒక వస్తువును ఒక పని కోసం మరొకరికి అప్పగించడం, పని అయ్యాక వాళ్లు దాన్ని తిరిగి ఇవ్వడం, అంతే దాని అర్థం. చాకలికి ఇచ్చిన పట్టుచీర, కంసాలికి ఇచ్చిన గొలుసు, పార్కింగ్ కుర్రాడికి ఇచ్చిన కారు, మూడింటికీ వర్తించేది ఒకటే సూత్రం. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించుకున్నవాడు దీన్నీ అంతే జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ చెబుతోంది.

మరి బోర్డు సంగతి? దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి తన మారుతి జెన్ కారు తాళాన్ని హోటల్ ఉద్యోగికి ఇచ్చారు. అర్ధరాత్రి దాటాక బయటికి వచ్చేసరికి కారు లేదు, వేరెవరో నడుపుకుంటూ వెళ్లిపోయారు. ఆయన చేతిలో ఉన్న చీటీ మీద, కారు అతిథి సొంత బాధ్యత మీదే పెడుతున్నామని, పోయినా పాడైనా యాజమాన్యానికి సంబంధం లేదని అచ్చు వేసి ఉంది. మీకు చూపించిన బోర్డులాంటిదే. ఆ కేసు ఇరవై ఏళ్లు నడిచి, 2019 నవంబరు 14న తేలింది. కారు అప్పగించినట్టు, అది సరైన స్థితిలో తిరిగి రానట్టు అతిథి చూపిస్తే చాలని, తమ వైపు నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాల్సింది హోటలేనని కోర్టు చెప్పింది. సొంత నిర్లక్ష్యాన్ని చీటీ మీద రాత చాటున దాచుకోవడం కుదరదనీ చెప్పింది.

ఈ తీర్పు మీకు ఎందుకంత విలువైనదో చెబుతాను. అద్దం ఎలా పగిలిందో మీకు తెలియదు. బాణసంచా తగిలిందా, కుర్రాడు రివర్సు చేస్తూ గోడకు ఆనించాడా, పిల్లలెవరైనా రాయి వేశారా, మీరు చూడలేదు. చూడనిదాన్ని రుజువు చేయాల్సిన భారం మీ మీద లేదు. ఆ సమయంలో కారు ఎవరి చేతిలో ఉందో వాళ్లే జవాబు చెప్పాలి. అయితే ఒక మినహాయింపు ఉంది. తమ చేతిలో లేని కారణంతో, తాము తగిన జాగ్రత్త పడినా నష్టం జరిగిందని వాళ్లు రుజువు చేయగలిగితే బయటపడతారు. ఈదురుగాలికి కొమ్మ విరిగి పడితే అది వేరు. హాలు ఆవరణలోనే బాణసంచా కాలుస్తుంటే దాని పక్కనే కార్లు పెట్టారంటే అది జాగ్రత్త కాదు, నా అభిప్రాయంలో అది స్పష్టమైన నిర్లక్ష్యం.

మీరే స్వయంగా కారు పెట్టి, తాళం జేబులో వేసుకుని ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. అక్కడ అప్పగింత జరిగిందా లేదా అన్న దగ్గరే వాదం చిక్కుకుంటుంది. మీ విషయంలో ఆ చిక్కు లేదు.

కాంట్రాక్టరును అడగమన్న మాటకు లొంగకండి. పెళ్లికి వచ్చినవాళ్లకు వాలే పార్కింగ్ (సిబ్బందే కారు తీసుకెళ్లి పెట్టే సేవ) ఇస్తున్నామని పిలిచింది హాలు వాళ్లు. లోపల ఆ పని ఎవరికి అప్పజెప్పారో మీకు అనవసరం. నష్టం కట్టమని పంపే నోటీసులో ఇద్దరి పేర్లూ రాయండి, వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు.

ఇప్పుడు ఈ రోజే చేయాల్సిన పని. హాలు సీసీ కెమెరాల రికార్డు కొన్ని రోజులకే చెరిగిపోతుంది, పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. ఇప్పటికే పన్నెండు రోజులు గడిచాయి. ఫలానా తేదీ, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా గేటు దగ్గర, పార్కింగ్‌లో ఉన్న కెమెరాల రికార్డును చెరపకుండా ఉంచాలని ఈ రోజే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి, వాళ్ల వాట్సాప్‌కూ అదే పంపండి. మీ ఉత్తరం అందాక కూడా రికార్డు పోయిందంటే, అది వాళ్లకు వ్యతిరేకంగా వాదించడానికి పనికొస్తుంది. మీ ఫోనులో ఉన్న ఫొటోలను వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుని అసలువి చెరిపేయకండి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి, అప్పుడు తీసిన ఫోను, అందులోని అసలు ఫైలు ఉండటం మేలు.

పోలీసుల మాట. హాలు ఏ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కావాలని పగలగొట్టారని తేలితేనే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ వర్తిస్తుంది. పొరపాటున పగిలితే అది నేరం కాదు, నష్టపరిహారం విషయం. మీదైనంత నష్టానికి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కాబట్టి ఎఫ్ఐఆర్ కట్టలేదని స్టేషన్‌లో గొడవ పడి ప్రయోజనం లేదు. మీ ఫిర్యాదు వాళ్ల డైరీలో నమోదైతే చాలు, బీమాకూ నోటీసుకూ అదే ఆధారం. పగిలిన అద్దంలోంచి సామాను కూడా పోయి ఉంటే అది దొంగతనం, పోయినదాని విలువ 5,000 రూపాయలు దాటితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. అయినా కారు బీమా లోపలి సామానుకు డబ్బివ్వదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక బీమా. మీ ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు, కానీ లెక్క వేయకుండా చెప్పాడు. కారు బీమాలో విడిభాగాలకు తరుగుదల కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం దాకా పోతుంది. గాజుకు మాత్రం తరుగుదల లేదు. జీరో డెప్ (తరుగుదల కోత లేకుండా చేసే అదనపు కవరు) తీసుకోకపోయినా అద్దానికి పూర్తి ధర వస్తుంది. చుట్టూ ఉండే రబ్బరు బీడింగు వంటివాటికే కోత. దాని మీద 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు మీరు భరించాలి. అంటే మీకు చేతికొచ్చేది దాదాపు 13,500.

పోయేది ఎంత? మీ పాలసీలో సొంత నష్టానికి కట్టే ప్రీమియం బోనస్ తీయకముందు 9,000 అనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది బోనస్ 45 శాతం, ఆ పై ఏడాది నుంచి 50 శాతం. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది సున్నా, తర్వాత వరుసగా 20, 25, 35, 45 శాతం. ఏడాదికేడాది తేడా కడితే 4,050, 2,700, 2,250, 1,350, 450. అయిదేళ్లలో మొత్తం 10,800 రూపాయలు. కారు విలువ తగ్గే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే పోతుంది. అంటే ఈ లెక్కన క్లెయిమే లాభం, కానీ తేడా పెద్దది కాదు. మీ పాలసీ కాగితం తీసి అసలు ప్రీమియం అంకెతో ఇదే లెక్క వేయండి. బోనస్ రక్షణ అనే అదనపు కవరు తీసుకుని ఉంటే ఆలోచించే పనే లేదు. నేనైతే ముందు హాలుకు నోటీసిచ్చి పదిహేను రోజులు చూస్తాను. బీమా కంపెనీకి విషయం తెలిపి ఉంచినంత మాత్రాన బోనస్ పోదు, క్లెయిమ్ నడుస్తుంటేనో డబ్బు తీసుకుంటేనో పోతుంది. అయితే వాళ్లు కారు చూడకముందే అద్దం మార్పించకండి. మీ చేతి డబ్బుతో వెంటనే మార్పించాలనుకుంటే సర్వేయరు (నష్టం చూడటానికి కంపెనీ పంపే మనిషి) ఫొటోలు తీసుకున్నాకే.

ఆలస్యమన్న అభ్యంతరానికి భయపడొద్దు. నిజమైన క్లెయిమును కేవలం ఆలస్యం పేరుతో యాంత్రికంగా తోసేయవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరు 20నే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఎందుకు ఆలస్యమైందో రెండు వాక్యాలు రాయండి. నిజంగా జరిగిన కారణమే రాయండి.

నల్ల ఫిల్మ్ విషయంలో మాత్రం మీకు చేదు మాట చెప్పక తప్పదు. అది తప్పే. మార్కెట్లో దొరికే నల్ల ఫిల్ములు అంటించవద్దని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 100వ నియమం ప్రకారం వెనక అద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు దూరాలి. కానీ ఫిల్మ్ వేసినందుకు జరిమానా పడటం వేరు, అద్దం పగిలినందుకు క్లెయిము పోవడం వేరు. ఫిల్మ్ వల్ల అద్దం పగల్లేదు. తిరస్కరిస్తే పాలసీలో ఏ షరతు కిందో రాసి ఇమ్మనండి. నోటి మాటతో క్లెయిము వదులుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను, ఆ కాగితం అడిగాక కంపెనీ మెత్తబడటమూ చూశాను. ఫిల్మ్ ఖర్చు మాత్రం అడగకండి, కొత్త అద్దానికి మళ్లీ వేయించకండి.

రాసి తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోవే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోగా వెళ్లాలి. అదే విషయం మీద ఇప్పటికే కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి వరుస తప్పకండి.

బీమా డబ్బు తీసుకున్నాక అదే 14,500 హాలు దగ్గర మళ్లీ వసూలు చేయడం కుదరదు. మీ హక్కు అంతవరకు కంపెనీకి వెళ్తుంది, తాజ్ కేసులోనూ కారు విలువ చెల్లించిన బీమా కంపెనీ యజమానితో కలిసి హోటల్ మీద పోరాడింది. మీరు భరించిన వెయ్యి, కోతపడిన బీడింగు ఖర్చు, పడిన ఇబ్బందికి పరిహారం మాత్రం హాలును అడగవచ్చు. పోయిన బోనస్ కూడా కలిపి అడగండి, వస్తుందని హామీ ఇవ్వలేను.

హాలు నోటీసుకు జవాబివ్వకపోతే వినియోగదారుల కమిషన్. ఇక్కడ మీకొక సందేహం రావచ్చు, హాలుకు డబ్బు కట్టింది పెళ్లివారు కదా, నేను వినియోగదారుణ్ణి ఎలా అవుతానని. 2019 చట్టం ఒకరు డబ్బు కట్టిన సేవను వాళ్ల అనుమతితో వాడుకున్నవారిని కూడా వినియోగదారుగానే చూస్తుంది. పెళ్లి పిలుపే ఆ అనుమతి. శుభలేఖ ఒకటి దాచుకోండి, హాలు బుకింగ్ రసీదు నకలు బంధువులను అడగండి. మొహమాటం వద్దు, మీరు వాళ్ల మీద కేసు వేయడం లేదు.

కేసు కోసం హైదరాబాద్ తిరగాల్సిన పని కూడా లేదు. ఫిర్యాదీ నివసించే చోటే వేయవచ్చని ఆ చట్టంలోనే ఉంది కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయండి. సేవకు కట్టిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా దాఖలు చేయవచ్చు, గడువు రెండేళ్లు. కేసు దాకా వెళ్లకుండా తేలితే బాగుండుననుకుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

చివరగా, కవరు అంటించిన ఆ కారును హైవే మీదికి తీయకండి. అంత దూరం రాత్రిపూట అలా వచ్చారని చదివి నాకు భయం వేసింది. వెనక నుంచి వచ్చేది కనిపించదు, వెనక తెరుచుకుని ఉన్న కారులోకి సైలెన్సరు పొగ లాక్కుంటుంది. బీమా కంపెనీ కూడా నష్టం పెరగకుండా చూసుకోలేదని వంక పెట్టవచ్చు. షోరూము దాకా టోయింగ్ చేయిస్తే సాధారణ కారు పాలసీలో 1,500 రూపాయల వరకు ఆ ఖర్చు వస్తుంది, రసీదు తీసుకోండి. కొత్త అద్దం బిగించేటప్పుడు మూల మీద ఐఎస్ 2553 అన్న గుర్తు ఉందో లేదో, మంచు కరిగించే సన్నని గీతలు పాతదానిలాగే ఉన్నాయో లేదో మీరే నిలబడి చూసుకోండి, బిల్లు మీద కారు నంబరు రాయించండి.