క్లౌడ్‌లో ఫైళ్ల జాబితా సగంలో ఎందుకు ఆగుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్లౌడ్ స్టోరేజ్‌లో ఉన్న ఫైళ్ల జాబితాను ఏపీఐ (మన కోడ్ ఆ సేవను అడిగే దారి) ద్వారా తెప్పించుకోవడంపై వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బకెట్‌లో (క్లౌడ్‌లో ఫైళ్లుంచే చోటు) దాదాపు 40 వేల ఫైళ్లున్నాయి. జాబితా అడిగితే సరిగ్గా 1000 పేర్లొచ్చి ఆగిపోతోంది. ఎర్రర్ కూడా రావడం లేదు. మిగతావి ఏమైనట్టు?

ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. మీకు అందింది మొదటి పేజీ మాత్రమే. అమెజాన్ ఎస్3 ఒక్క రిక్వెస్టుకు 1000 పేర్లకు మించి ఇవ్వదు. ఎన్ని పేర్లు కావాలో చెప్పే మాక్స్-కీస్ దగ్గర 5000 అని రాసినా 1000 దగ్గరే ఆపేస్తుంది, తప్పు రాశారని కూడా చెప్పదు. అజూర్ బ్లాబ్ స్టోరేజ్‌లో ఈ హద్దు 5000. గూగుల్ డ్రైవ్‌లో ఏమీ చెప్పకపోతే 100 వస్తాయి, అడిగితే 1000 దాకా ఇస్తుంది.

అందుకే జాబితా తెచ్చే కోడ్‌లో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) తప్పనిసరి. ఎస్3లో జాబితా ఇచ్చే లిస్ట్ఆబ్జెక్ట్స్‌వి2 పిలిస్తే, పేర్లతో పాటు ఈజ్‌ట్రంకేటెడ్ అనే గుర్తు వస్తుంది. అది ట్రూ అయితే ఇంకా పేర్లున్నట్టు. అప్పుడు నెక్స్ట్‌కంటిన్యుయేషన్‌టోకెన్‌లో వచ్చిన విలువను తర్వాతి రిక్వెస్టులో కంటిన్యుయేషన్-టోకెన్‌గా పంపాలి. గూగుల్ సేవల్లో దీన్ని నెక్స్ట్‌పేజ్‌టోకెన్ అంటారు, అజూర్‌లో నెక్స్ట్‌మార్కర్, డ్రాప్‌బాక్స్‌లో కర్సర్. పేర్లు వేరైనా పని ఒక్కటే. పైథాన్‌లో బోటో3 (అమెజాన్ సేవల లైబ్రరీ) వాడేవారికి పేజినేటర్ సిద్ధంగా ఉంటుంది, ఈ టోకెన్ల పని అదే చూసుకుంటుంది. చేతిలో పేజినేటర్ ఉండగా లూప్‌ను సొంతంగా రాయొద్దని మా సలహా.

సొంతంగా రాయక తప్పని చోట, లూప్‌ను ఎప్పుడు ఆపాలన్నదే అసలు సమస్య. “ఈసారి 1000 కన్నా తక్కువ వచ్చాయి కాబట్టి ఇదే చివరి పేజీ” అనుకుని ఆపేసే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పు. అజూర్‌లోనూ గూగుల్ డ్రైవ్‌లోనూ ఒక పేజీ సగమే నిండి రావచ్చు, ఒక్క పేరూ లేకుండా కూడా రావచ్చు, అయినా తర్వాతి పేజీకి టోకెన్ ఉంటుంది. వచ్చిన పేర్లను లెక్కపెట్టి ఆపే కోడ్ అక్కడ మిగతా ఫైళ్లను చూడకుండానే “పని పూర్తయింది” అంటుంది. బ్యాకప్ స్క్రిప్టులో ఇలా జరిగితే, ఫైలు అవసరమైన రోజు దాకా ఎవరికీ తెలియదు. లూప్‌ను ఆపే హక్కు టోకెన్‌కే ఇవ్వండి. టోకెన్ లేకపోతే ఆపాలి, ఉంటే సాగాలి. డ్రాప్‌బాక్స్‌లో మాత్రం కర్సర్ ఎప్పుడూ వస్తుంది, అక్కడ హ్యాజ్_మోర్ ఫాల్స్ అయితే ఆపాలి.

టోకెన్ లోపల ఏముందో విప్పి చూసి దాని మీద ఆధారపడొద్దు. పేజీల మధ్యలో ప్రిఫిక్స్‌ను (పేరు మొదట్లో ఉండాలని అడిగిన భాగం) గానీ ఇతర షరతులను గానీ మార్చొద్దు. పాత కోడ్‌లో లిస్ట్ఆబ్జెక్ట్స్ మొదటి వెర్షన్ ఉంటే ఇంకో చిక్కుంది. డిలిమిటర్ (పేరును విడగొట్టే అక్షరం) ఇవ్వకపోతే అది నెక్స్ట్‌మార్కర్‌ను పంపదు, చివరగా వచ్చిన పేరునే మార్కర్‌గా మనం తిప్పి పంపాలి.

ప్రశ్న: ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లు మాత్రమే కావాలి, దాని లోపలి ఫోల్డర్లలోవి వద్దు. ఎలా అడగాలి?

ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో మామూలు బకెట్లకు ఫోల్డర్ అన్నదే లేదు. “రిపోర్టులు/2024/జూన్.పీడీఎఫ్” అన్నది మొత్తంగా ఒకే పేరు. అందులోని ఏటవాలు గీత కూడా ఆ పేరులో ఒక అక్షరమే. వెబ్ కన్సోల్ ఆ గీత దగ్గర పేరును విడగొట్టి మనకు ఫోల్డర్‌లా చూపిస్తుంది. ఏపీఐలో ఆ పని మనమే చెప్పి చేయించుకోవాలి. దానికి రెండు పారామీటర్లున్నాయి. ప్రిఫిక్స్ అంటే పేరు దేనితో మొదలవ్వాలో, డిలిమిటర్ అంటే ఏ అక్షరం దగ్గర విడగొట్టాలో.

ప్రిఫిక్స్‌గా “రిపోర్టులు/2024/”, డిలిమిటర్‌గా “/” ఇవ్వండి. ఆ మెట్టులో ఉన్న ఫైళ్లు కంటెంట్స్‌లో వస్తాయి. లోపలి ఫోల్డర్ల పేర్లు మాత్రం విడిగా కామన్‌ప్రిఫిక్సెస్‌లో వస్తాయి, వాటిలోని ఫైళ్లు రావు. ఒక్కో ఫోల్డర్ పేరూ 1000 లెక్కలో ఒకటిగా పోతుందని గుర్తుంచుకోండి. డిలిమిటర్ ఇవ్వకపోతే లోపల ఎంత లోతున ఉన్నవైనా అన్నీ కలిసి వస్తాయి.

పొరపాట్లు ఎక్కువగా ప్రిఫిక్స్ దగ్గరే జరుగుతాయి. చివరి గీత మరిచి “లాగ్‌లు/1” అని అడిగితే, ఒకటో నెలతో పాటు 10, 11, 12 నెలలవి కూడా వచ్చి పడతాయి. జాబితా తీసి చూడటానికైతే ఇబ్బంది లేదు, ఆ జాబితా ప్రకారం ఫైళ్లను తొలగించే స్క్రిప్టు అయితే నష్టం పెద్దది. ఇంకొందరు కంప్యూటర్‌లో అలవాటు కొద్దీ మొదట్లో గీత పెడతారు. పేరు గీతతో మొదలుకాదు కాబట్టి ఖాళీ జాబితా వస్తుంది, ఎర్రర్ రాదు. డ్రాప్‌బాక్స్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. పై మెట్టు ఫోల్డర్ కావాలంటే గీత కాకుండా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి.

కన్సోల్‌లో “కొత్త ఫోల్డర్” నొక్కి చేసినవి గీతతో ముగిసే సున్నా బైట్ల ఆబ్జెక్టులుగా జాబితాలో కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చేసే కోడ్ వాటిని ఫైలుగా రాయబోయి ఆగిపోతుంది. పేరు గీతతో ముగిస్తే వదిలేయమని ఒక వరుస రాసుకోండి.

ప్రశ్న: ఫైలు పేరు తెలిస్తే డౌన్‌లోడ్ అవుతోంది. జాబితా అడిగితే మాత్రం 403 (అనుమతి లేదు) వస్తోంది. ఎందుకు?

రెండూ వేర్వేరు అనుమతులు. ఎస్3లో ఫైలు తెరవడానికి గెట్ఆబ్జెక్ట్ కావాలి, దాన్ని బకెట్ పేరు తర్వాత “/*” ఉన్న చిరునామాకు ఇస్తారు. జాబితాకు కావలసిన అనుమతి పేరు లిస్ట్‌బకెట్. దాన్ని “/*” లేకుండా బకెట్ చిరునామాకే ఇవ్వాలి. రెంటినీ పాలసీలోని (అనుమతులు రాసే పత్రం) ఒకే స్టేట్‌మెంట్‌లో చేర్చి “/*” ఉన్న చిరునామా ఒక్కటే రాస్తే జాబితా అనుమతి పనిచేయదు. మీ పాలసీలో ఒక ప్రిఫిక్స్‌కే అనుమతి ఇచ్చారేమో కూడా చూడండి. అలా ఉంటే ప్రిఫిక్స్ లేకుండా అడిగిన ప్రతిసారీ 403 వస్తుంది. ఇంకో సంగతి: లిస్ట్‌బకెట్ లేనివారు లేని ఫైలును అడిగినా 404 (ఫైలు లేదు) రాదు, 403 వస్తుంది. 

ప్రశ్న: గూగుల్ డ్రైవ్ ఏపీఐతో సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రాముకు ఇచ్చే అకౌంట్) వాడుతున్నాను. జాబితా ఇవ్వాల్సిన ఫైల్స్.లిస్ట్ ఖాళీగా వస్తోంది. బ్రౌజర్‌లో ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి.

బ్రౌజర్‌లో ఉన్నది మీ అకౌంట్, కోడ్‌లో ఉన్నది వేరే అకౌంట్. సర్వీస్ అకౌంట్ మీ డ్రైవ్‌ను చూడలేదు, దానితో పంచుకున్నవే చూడగలదు. ఆ అకౌంట్‌కు ఉన్న ఈమెయిల్ చిరునామాను తీసుకుని, మామూలు మనిషితో పంచుకున్నట్టే మీ ఫోల్డర్‌ను దానితో షేర్ చేయండి. ఫైళ్లు షేర్డ్ డ్రైవ్‌లో ఉంటే సపోర్ట్స్‌ఆల్‌డ్రైవ్స్, ఇన్‌క్లూడ్‌ఐటమ్స్‌ఫ్రమ్‌ఆల్‌డ్రైవ్స్ రెంటినీ ట్రూ చేయాలి. అయినా రాకపోతే స్కోప్ (యాప్‌కు ఇచ్చిన అనుమతి పరిధి) చూడండి. డ్రైవ్.ఫైల్ స్కోప్‌తో, మీ యాప్ సృష్టించినవి లేదా వాడేవారు మీ యాప్‌తో తెరిచినవి మాత్రమే కనిపిస్తాయి.

డ్రైవ్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఐడీ ఉంటుంది, పేరు దాని మీద అంటించిన చీటీ లాంటిది. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవచ్చు. కాబట్టి మీ డేటాబేస్‌లో ఐడీని దాచుకోండి. ఫోల్డర్‌లోనివి అడగడానికి క్యూ అనే పారామీటర్‌లో ఫోల్డర్ ఐడీ రాసి, దాని తర్వాత “ఇన్ పేరెంట్స్” అనాలి. దానితో పాటు “ట్రాష్డ్ = ఫాల్స్” చేర్చకపోతే చెత్తబుట్టలో పడేసినవి కూడా వస్తాయి. ఇలా అడిగితే ఒక్క మెట్టే వస్తుంది, లోపలి ఫోల్డర్లకు మళ్లీ మళ్లీ అడగాల్సిందే. ఫీల్డ్స్‌లో సైజు, మార్చిన సమయం కోరినప్పుడు నెక్స్ట్‌పేజ్‌టోకెన్‌ను కూడా రాయండి. దాన్ని మరిచిపోతే టోకెన్ రాదు, మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడి ఇబ్బందే మీకూ వస్తుంది.

ప్రశ్న: కొత్తగా వచ్చిన 10 ఫైళ్లు మాత్రం కావాలి. తేదీ ప్రకారం వరుస ఇమ్మంటే ఎస్3 ఎందుకు ఇవ్వదు?

డ్రైవ్‌లో ఆర్డర్‌బై ఉంది, ఎస్3లో లేదు. సాధారణ బకెట్లలో పేర్ల వరుస ఒక్కటే దొరుకుతుంది, అది కూడా యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) బైట్ల ప్రకారం. ఆ వరుసలో 1 తర్వాత 10 వస్తుంది, 2 ఆ తర్వాతే. తేదీ వరుస కావాలంటే మొత్తం జాబితా తెచ్చుకుని లాస్ట్‌మాడిఫైడ్ (చివరిగా మార్చిన సమయం) చూసి మన దగ్గరే సర్దుకోవాలి. అప్‌లోడ్ చేసేటప్పుడే పేరును 2024/06/09 అన్నట్టు, సున్నాలు వదలకుండా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. అప్పుడు స్టార్ట్-ఆఫ్టర్‌లో నిన్నటి చివరి పేరు ఇస్తే చాలు, ఆ తర్వాతివే వస్తాయి. లాస్ట్‌మాడిఫైడ్ సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, దాన్ని మీ గడియారంతో నేరుగా పోల్చొద్దు.

ప్రశ్న: తెలుగు పేర్లున్న ఫైళ్లు జాబితాలో కళ్లెదుట కనిపిస్తున్నాయి. అదే పేరును ప్రిఫిక్స్‌గా ఇస్తే ఏమీ రావడం లేదు!

తెలుగులో పేర్లు పెట్టేవారందరూ తెలుసుకోవలసిన విషయమిది. కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు బైట్లలో వేరుగా ఉండవచ్చు, స్టోరేజ్ చూసేది బైట్లనే.

మొదటి అనుమానితుడు జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనిపించని అక్షరం. “బ్యాక్‌అప్” అని రాస్తే పొల్లు విడిగా కనిపించడానికి కొన్ని కీబోర్డులు దాన్ని మధ్యలో ఉంచుతాయి. ఒకరు దానితో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే పేర్లు రెండు. రెండోది ఐత్వం. యూనికోడ్‌లో దీనికి ఒకే సంకేతం ఉంది, దాన్నే ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కొన్ని వ్యవస్థలు ఫైలు పేర్లను ఇలా విడగొట్టి దాస్తాయి. “ఫైలు” అన్న మాటకే ఈ ప్రమాదం ఉంది. అందుకని అప్‌లోడ్‌కు ముందే పేరును ఎన్‌ఎఫ్‌సీ (విడగొట్టిన సంకేతాలను కలిపి రాసే) రూపానికి మార్చండి, జడ్‌డబ్ల్యూఎన్‌జేను ఉంచడమో తీసేయడమో ఒకే పద్ధతి పెట్టుకోండి. పాతవాటిని వెతకాలంటే, జాబితా మొత్తం తెచ్చి రెండువైపులా ఎన్‌ఎఫ్‌సీ చేసి, ఆ అక్షరాన్ని రెండుచోట్లా తీసేసి పోల్చడమే దారి.

ఎస్3లో పేరు 1024 బైట్లు మించకూడదు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. “క్షీ” అన్న ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, గుడిదీర్ఘం కలిసి 4 సంకేతాలున్నాయి, అంటే 12 బైట్లు. ఫోల్డర్ల పేర్లన్నీ కలిపి లెక్కేసుకోండి.

ప్రశ్న: బకెట్‌లో కోటి ఫైళ్లున్నాయి. రోజూ జాబితా తీస్తే ఎంతసేపు పడుతుంది?

పేజీకి 1000 చొప్పున 10,000 రిక్వెస్టులు. ఒక్కోదానికి అర సెకను అనుకున్నా 5000 సెకన్లు, అంటే గంటా 23 నిమిషాలు. పేజీలు ఒకదాని తర్వాత ఒకటిగానే వస్తాయి కాబట్టి ఒక్క లూప్‌ను వేగవంతం చేయలేరు. ప్రిఫిక్స్‌ల వారీగా పంచి నాలుగైదు లూప్‌లు ఒకేసారి నడపవచ్చు. 503 స్లో డౌన్ గానీ 429 గానీ (మరీ వేగంగా అడుగుతున్నారని అర్థం) వస్తే వెంటనే మళ్లీ అడగకుండా, ప్రతిసారీ విరామం రెట్టింపు చేస్తూ ప్రయత్నించండి. పేర్లన్నిటినీ మెమరీలో పోగేయకుండా పేజీ రాగానే ఫైల్‌లోకో డేటాబేస్‌లోకో రాసేయండి.

కానీ రోజూ కావాలంటే ఇది సరైన దారి కాదని మా అభిప్రాయం. ఎస్3 ఇన్వెంటరీ పెట్టుకుంటే రోజుకో వారానికో ఒకసారి మొత్తం జాబితా సీఎస్‌వీ, ఓఆర్‌సీ, పార్కే అనే ఫైలు రూపాల్లో ఒకదానిలో మరో బకెట్‌లోకి వస్తుంది. మొదటి నివేదికకు 48 గంటల దాకా పట్టవచ్చు. మారినవి మాత్రమే కావాలంటే డ్రైవ్‌లో ఛేంజెస్.లిస్ట్, డ్రాప్‌బాక్స్‌లో దాచుకున్న కర్సర్ ఆ పని చేస్తాయి.

ప్రశ్న: జాబితాలోని సైజులన్నీ కూడితే బిల్లులో చూపించిన సైజు కన్నా బాగా తక్కువ వస్తోంది.

మామూలు జాబితా ప్రతి ఫైలుకూ ఇప్పటి రూపాన్నే చూపిస్తుంది. వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే పాత రూపాలు, మీరు తొలగించాననుకున్నవి కూడా లోపలే ఉంటాయి, వాటికీ బిల్లు పడుతుంది. లిస్ట్ఆబ్జెక్ట్‌వెర్షన్స్‌తో చూడండి. ఇందులో తర్వాతి పేజీకి కీ-మార్కర్, వెర్షన్-ఐడీ-మార్కర్ రెండూ పంపాలి. ఇవి కాక, పెద్ద ఫైళ్లను ముక్కలుగా పంపుతూ మధ్యలో ఆగిపోయిన అప్‌లోడ్‌ల ముక్కలు ఏ మామూలు జాబితాలోనూ కనిపించవు. లిస్ట్‌మల్టీపార్ట్‌అప్‌లోడ్స్ వాటిని బయటపెడుతుంది. ఇన్ని రోజులకు పూర్తికాని అప్‌లోడ్‌ను తీసేయమని లైఫ్‌సైకిల్ నియమం ఒకటి పెట్టండి. 7 రోజుల గడువు చాలామందికి సరిపోతుంది, అంతకన్నా ఎక్కువ కాలం సాగే అప్‌లోడ్‌లు మీకుంటే దాన్ని పెంచుకోండి.