ఒక్క బకెట్ నీళ్లతో, గీతలు పడకుండా కారు కడగడం అయ్యే పనేనా?

అవుతుంది. ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే. బకెట్‌లో పోసేది ఐదారు లీటర్లు, పని అయ్యాక అందులోనూ కొన్ని మిగులుతాయి. పైపు పెట్టి కడిగితే నిమిషానికి పది లీటర్లకు పైనే పోతాయి. కానీ మీరు నీళ్లు సరిపోవేమో అని భయపడుతున్నారు. నన్నడిగితే కారుని పాడుచేసేది నీళ్ల కొరత కాదు, గుడ్డ.

నా మొదటి కారు నల్లది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్నాను. రోజూ పొద్దున బయల్దేరే ముందు పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేవాణ్ని. ఆదివారం వస్తే రెండు మగ్గుల నీళ్లు, ఒక పాత బనియన్ గుడ్డ. ఏడాది పాటు అలాగే నడిచింది. మా బావ కార్లకి పెయింటు వేసే పనిలో ఉన్నాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కారు దగ్గర ఆగి, ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీదకి వంచాడు. వెలుగు చుట్టూ సాలెగూడులా వందల కొద్దీ సన్నటి గీతలు గుండ్రంగా తేలాయి. పగటిపూట నాకెప్పుడూ కనపడలేదవి.

"ఏంట్రా ఇది, గిన్నె తోమినట్టు తోమావా?" అన్నాడు.

"లేదు బావా, గుడ్డతో తుడవడమే కదా."

"ఆ గుడ్డ ఇలా తే."

తెల్లటి గిన్నెలో అరమగ్గు నీళ్లు పోసి, ఆ గుడ్డని అందులో పిండాడు. కాసేపు కదపకుండా ఉంచి, పైన నీళ్లు మెల్లగా వంచేశాడు. అడుగున బూడిదరంగులో చిటికెడు మడ్డి మిగిలింది. వేళ్ల మధ్య పెట్టుకుని నలపమన్నాడు. మెత్తగా ఉంటుందనుకున్నాను, కరకరలాడింది. ఇంట్లో మూల పడి ఉన్న పాత సీడీ ఒకటి తెప్పించి, ఆ మడ్డిని తడివేలితో దాని మీద రెండుసార్లు రాశాడు. బానెట్ మీద ఉన్న గీతలే సీడీ మీదా పడ్డాయి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

రోడ్డు దుమ్ములో మట్టితో పాటు ఇసుక కూడా ఉంటుంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, 1 నుంచి 10 దాకా కొలిచే మోహ్స్ కొలమానంలో 7, మామూలు గాజుది సుమారు 5.5. కారు రంగు మీద మెరుపు కోసం, ఎండనుంచి కాపాడ్డం కోసం ఉండే క్లియర్ కోటు మందం చాలా కార్లలో 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక సాధారణంగా అంతకంటే లావుగా ఉంటుంది. అలాంటి పొర మీద ఆ ఇసుకని పెట్టి పొడిగుడ్డతో రుద్దితే ఏమవుతుందో ఆలోచించండి. కార్లకి పడే సన్నగీతల్లో ఎక్కువ భాగం కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ పడేవేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. రిన్స్‌లెస్ వాష్ అని ఒక ద్రవం దొరుకుతుంది. కడిగాక మళ్లీ మంచినీళ్లు పోయక్కర్లేదు. అందులోని జారుడు పదార్థాలు దుమ్ముని పట్టుకుని, పెయింటుకి రాసుకోకుండా జారనిస్తాయి. సీసా మీద రాసిన కొలతే బకెట్‌లో కలపండి. ఇంకాస్త వేస్తే ఇంకా బాగా పోతుందనుకుంటే మరకలు కడతాయి. నురగ రాకపోయినా కంగారు పడకండి, దానికి నురగ పెద్దగా ఉండదు.

అదే నీళ్లు కొన్ని స్ప్రే సీసాలో పోసుకుని, ముందు ఒక్క డోరు మీదో బానెట్ మీదో కొట్టి, ఒక నిమిషం నాననివ్వాలి. చాలామంది వదిలేసేది ఈ నిమిషాన్నే. ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు (బాగా సన్నటి పోగులతో చేసిన మెత్తటి గుడ్డలు) ముందే బకెట్‌లో నానేసి ఉంచుకోండి. ఒక్కోటి తీసి నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో ఒకే దిక్కుగా, తిన్నగా ఒక్క లాగుడు, వెంటనే ముఖం మార్చాలి. చేతి బరువు తప్ప ఒత్తిడి పెట్టొద్దు, గుండ్రంగా తిప్పొద్దు. ముఖాలన్నీ అయిపోయిన గుడ్డ పక్కన పడేయడమే. మళ్లీ బకెట్‌లో ముంచకూడదు! ముంచారా, మొదటి డోరు మీది ఇసుక నాలుగో డోరు మీదకి ఎక్కుతుంది. ఇక్కడ మాత్రం అస్సలు రాజీ పడొద్దు.

పైకప్పుతో మొదలుపెట్టి, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం అయ్యాక చివర్లో కింది భాగం, బంపర్లు. ఎక్కువ ఇసుక పట్టేది కిందే. ఒక్కో భాగం తుడిచిన వెంటనే పొడి మైక్రోఫైబర్‌తో తడి అద్దేయండి. నీడలో, బానెట్ చల్లారాకే చేయండి, లేదంటే నీళ్లు అక్కడికక్కడే ఆరిపోయి తెల్లచుక్కలు మిగులుతాయి. చక్రాలకి వేరే గుడ్డలు. బ్రేకుల నుంచి వచ్చే ఇనుప పొడి ఉంటుంది కాబట్టి ఆ గుడ్డల్ని పెయింటు మీదకి ఎప్పటికీ తేవద్దు. కింద పడ్డ గుడ్డ కూడా అంతే. దులిపి వాడదామనుకోకండి.

కొన్ని పనులు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంట్లు తోమే సబ్బుతో కారు కడగడం ఒకటి, మెరుపు కోసం వేసిన వాక్స్ (మైనం) పొర కాస్తా దానితో పోతుంది. దుమ్ము పట్టిన డిక్కీ మీద వేలితో పేర్లు రాయడం ఇంకొకటి. దుమ్ము తుడిచినా ఆ అక్షరాల గీతలు ఉండిపోతాయి. పిట్ట రెట్టని గోటితో గీకేవాళ్లకైతే దణ్ణం పెట్టి చెబుతున్నాను, తడిగుడ్డ ఐదు నిమిషాలు దాని మీద పరిచి ఉంచండి, మెత్తబడి అదే గుడ్డతో పాటు వచ్చేస్తుంది.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. బురద గడ్డకట్టిన కారుకి ఈ పద్ధతి పనికిరాదు. వేలితో తాకితే పెళ్లలు రాలేంత ఉంటే, ముందు ధారగా నీళ్లు పోసి ఆ బురద దింపాల్సిందే. నీళ్లు లేని రోజుల్లో అలా జరిగితే నేను ముందు అద్దాలు, లైట్లు, నంబరు ప్లేటు మాత్రం బాగా నానబెట్టి శుభ్రం చేసుకుంటాను. మిగతా కారు జోలికి నీళ్లు దొరికే దాకా వెళ్లను.